పేరు తెలియని చిలుక ఎముకలు

ఎఉవా దీవి, అంగహా
1987 జూన్ 3

తమ్ముడు కెలెపికి, మరదలు సేలాకు, పిల్లలకు అక్క లుసియానె దీవెనలు.

నువ్వు పంపిన ఎండుచేపలు చేరాయి. మన సరస్సు చేప వాసన తగలగానే ఇల్లంతా నియువాఫోవు అయిపోయింది. కొండ పేలిన ఏడు మనల్ని ఓడెక్కించి ఇక్కడ దింపి నలభై ఏళ్ళు దాటింది. అయినా ఈ ఎఉవా నీళ్ళు నా నాలుకకు ఇంకా పరాయివే. నువ్వు అదృష్టవంతుడివి, ఇక్కడికొచ్చిన పన్నెండేళ్ళకే మన దీవికి తిరిగి వెళ్ళిపోయావు. నీ పెద్దపిల్ల పెళ్ళికి ఇస్తానన్న చాప సగంలోనే ఉంది. వేళ్ళ కీళ్ళు మొండికేస్తున్నాయి. కోపం తెచ్చుకోకు.

అసలు సంగతి, నీ మేనకోడలు మెలెనైటెకు పని దొరికింది. తూర్పు కొండ అడవిలో గుహలు తవ్వడానికి ఒక పాలాంగి వచ్చాడు. ఎండకు ముక్కు మీద తోలు పొరలుగా లేచిపోయిన తెల్లమనిషి, మన మాటలు చిన్నపిల్లాడిలా ముద్దముద్దగా పలుకుతాడు. నిధి కోసమేమో అనుకున్నారు మనవాళ్ళు. కాదట, పాతకాలపు పక్షుల ఎముకల కోసమట. గుహలోంచి తీసిన మట్టిని జల్లెడ పట్టి, దొరికినవి కడిగి ఆరబెట్టడం మెలెనైటె పని. "పారిపోయినోడి కూతురికి ఎముకలేరుకునే పని కుదిరింది" అని రేవు దగ్గర ఎవరో అన్నారట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి తనే నవ్వింది. దాని తండ్రి ఇప్పుడు ఏ దీవిలో ఎవరితో కాపురం చేస్తున్నాడో గానీ, పోయేటప్పటికి ఇది ఇంకా నా కడుపులోనే ఉంది. వినీవినీ దాని చెవులు కాయలు కాశాయి.

పోయినవారం ఒక గుంటలో చిలుక ఎముకలు దొరికాయి. మన ఎర్రచిలుక కోకి కాదు, కోకి కంటే బాగా పెద్దది. కోకినైతే మన పెద్దలు ఫిజీ నుంచి పడవల్లో తెచ్చుకున్నారు. ఇది అంతకు ముందే, ఇక్కడ మనిషి అడుగు పడకముందే ఉండేదట. మనుషులొచ్చారు, కొన్నాళ్ళకు అది లేదు. వేరే గుహలో పొయ్యి రాళ్ళ మధ్య, బూడిదలో కూడా దాని కాళ్ళ ఎముకలు దొరికాయంటే ఏం జరిగిందో ఒకరు చెప్పనక్కర్లేదు. దాన్నేమనేవాళ్ళని పాలాంగి ఊళ్ళో ముసలాళ్ళందరినీ అడిగాడు. ఒక్కరికీ తెలియదు. పాటల్లో లేదు, సామెతల్లో లేదు. అది ఎలా కూసేదని మెలెనైటె అడిగితే, ఎముకలు ఆ సంగతి చెప్పవన్నాడట.

ఈ కాగితం నిండింది, ఇంకోటి తీసుకుంటున్నాను.

ఆ ఎముకలు చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. చాలా లోతు గుంట, పడితే మళ్ళీ పైకి రాలేనిది. మనం ఆ కొండ మీద కట్టెలు కొట్టుకుంటూ, పాటలు పాడుకుంటూ తిరిగిన రోజుల్లో కూడా అవి అక్కడే, మన కాళ్ళ కిందే ఉన్నాయి. మెలెనైటె వాటిని కడిగి తెల్లగుడ్డ మీద పరుస్తుంటే నాకెందుకో ఏడుపొచ్చింది. కెలెపీ, నువ్వు ఆ కొండంతా తెగ తిరిగేవాడివి. ఎక్కడికెళ్ళావని నాన్న అడిగినా చెప్పేవాడివి కాదు. అక్కడి గుంటల సంగతి నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నీకు తెలిసిందేదైనా ఉంటే దాచకుండా రాయి. మెలెనైటె కూడా అడగమంది.

మీ క్షేమం కోరే
అక్క లుసియానె


నియువాఫోవు దీవి, ఎసియా
1987 జూలై 6

అక్కకు కెలెపి తల వంచి రాసుకునేది.

నీ ఉత్తరం ఉన్న సంచి పడవలోంచి అలల్లో పడింది. ఇక్కడ ఓడ ఒడ్డుకు రాదని నీకు తెలుసు కదా. మొదటి కాగితం మీది అక్షరాలన్నీ నీలం నీళ్ళయిపోయాయి. రెండోది మాత్రం చదవగలిగాను. అది చాలు. గుంటలో ఎముకలు దొరికాయి, వాటిని నీ కూతురే కడిగింది. నాకు తెలిసింది దాచకుండా రాయమన్నావు. రాస్తున్నాను.

సామిసోని బావ ఎక్కడికీ పారిపోలేదక్కా. మీరు తీసినవి ఆయన ఎముకలే.

నాకప్పుడు పదిహేడేళ్ళు. కొండ మీద ఒక గుంట వైపు ఒరిగిన చెట్టు తొర్రలో కోకి గూడు చూసిపెట్టుకున్నాను. పిల్లలకు ఈకలు వచ్చేశాయి. సోమవారం దాకా ఆగితే ఇంకెవరైనా పట్టుకుపోతారని భయం. ఆదివారం పూట వేటంటే మన ఊళ్ళో ఎంత పాపమో, అందులోనూ చర్చి పెద్దమనిషి కొడుకు చేస్తే ఎంత పరువు తక్కువో నీకు చెప్పాలా? కడుపునొప్పని పడుకుని, మీరంతా ప్రార్థనకు వెళ్ళాక బయల్దేరాను. ఆలస్యంగా ప్రార్థనకు బయల్దేరిన బావ దారిలో చూశాడు. వెనక్కి రమ్మన్నాడు. నేను వినలేదు. నన్ను ఒంటరిగా వదల్లేక వెంట వచ్చాడు. చెట్టెక్కబోతుంటే కాలు పట్టి కిందికి లాగాడు.

"నీకు ఒళ్ళు తేలికే, బుద్ధి ఇంకా తేలిక. దిగు, నేనెక్కుతా" అన్నాడు.

తొర్రలో చెయ్యి పెట్టాడు. కొమ్మ విరిగింది. నేరుగా గుంటలోకి పడిపోయాడు. పిలిచాను. జవాబు లేదు. పరిగెత్తుకొచ్చేశాను.

మర్నాడు నువ్వు ఇల్లిల్లూ తిరిగి వెతికావు. ఆ పొద్దున్నే ఒహోనువా రేవు నుంచి ఓడ వెళ్ళింది. మీ బావను చూశావా అని నాన్న అడిగితే, రేవు వైపు వెళ్తుంటే చూశానన్నాను. ఆ ఒక్క మాటే. మిగతాదంతా ఊరే అల్లుకుంది. వవావు దీవిలో ఆయనకు ఎవరో ఉందన్నారు, ఆమెకు పేరు కూడా పెట్టారు. నువ్వు కడుపుతో ఉన్నావని ఆ నెలలోనే తెలిసింది. చెబుదామనుకున్న ప్రతిరోజూ చెప్పడం ఇంకొంచెం కష్టమైంది. మరుసటేడు మనవాళ్ళను తిరిగి ఇక్కడికి పంపుతుంటే మొదటి ఓడెక్కాను. పుట్టిన మట్టి మీద బెంగ అనుకున్నారందరూ.

నీ కాగితం చదివిన రోజే నల్లబట్టలు కట్టి నడుముకు చిరుగుల చాప చుట్టుకున్నాను. ఎవరు పోయారని సేలా అడిగితే బంధువొకడని చెప్పాను. ఆయన్ని మంచిచోట పాతిపెట్టండి. నా గురించి నువ్వేం నిర్ణయించినా సరే.

కెలెపి


ఎఉవా, అంగహా
1987 ఆగస్టు 12

తమ్ముడు కెలెపికి,

మీ ఇంట ఎవరు పోయారు? మీ దగ్గరికి వచ్చి వెళ్ళిన ఓడలో వంటవాడు ఒహోనువా రేవులో చెప్పాడట, నువ్వు నల్లబట్టల్లో, తల గొరిగించుకుని ఒడ్డున నిలబడ్డావని. చేతిలో ఏదో కాగితం పట్టుకుని ఇవ్వబోయి, ఇవ్వకుండానే వెనక్కి తిరిగావట. ఓడొచ్చింది, నీ ఉత్తరం మాత్రం రాలేదు. సేలా బాగానే ఉందా? పిల్లలా? చాప పూర్తి కాలేదని అలిగి నాకు కబురు పెట్టకపోతే మాత్రం అది పాపం, తమ్ముడూ. పెళ్ళికి చాప రాకపోతే అలగొచ్చు, చావు కబురు అక్కకు దాచకూడదు.

ఎవరో తెలియకపోయినా మర్యాద తప్పకూడదని చెట్టు బెరడు కొట్టి చేసిన బట్ట పంపుతున్నాను. నా చావుకని చాలా ఏళ్ళ కిందట కొట్టించి దాచుకున్నది. నాకింకా టైముందిలే, మళ్ళీ చేయించుకుంటాను. పోయినవారి మీద కప్పు, పాతిపెట్టడం అయిపోతే సమాధి మీద పరువు.

మెలెనైటె ఈ మధ్య ఎముకల మనిషైపోయింది. పొద్దున పోతే మాపటికే రావడం. ఆ గుంటలోంచి తీసిన చిలుక ఎముకలను దూరదేశం పంపి పోల్చి చూశారట, అలాంటిది ఈ చుట్టుపక్కల ఏ దీవిలోనూ ఇప్పుడు బతికి లేదట. దానికి ఏదో పాతభాషలో పేరు పెడతారట. బతికున్నప్పుడు దాన్ని ఏమని పిలిచేవాళ్ళో ఎవరికీ గుర్తులేదు, పోయిన ఇన్ని వేల ఏళ్ళకు పేరు పెడితే ఎవరు పలుకుతారు? నేనిలా అంటే పాలాంగి నవ్వలేదు. అందుకేనమ్మా ఈ పనిలో ఉన్నాను అన్నాడు. మంచివాడే.

వెంటనే రాయి.

అక్క లుసియానె


నియువాఫోవు, ఎసియా
1987 సెప్టెంబరు 21

అక్కకు,

నీ ఉత్తరం పొడిగానే చేరింది. బెరడు బట్టా చేరింది.

చిలుక. నేను మూడుసార్లు చదివాను. మొదటి కాగితంలో నువ్వు అదే రాసి ఉంటావు. అలలు దాన్ని తాగేసి నాకు మిగతాది ఇచ్చాయి.

ఇక్కడ ఎవరూ పోలేదక్కా. సేలా, పిల్లలు బాగున్నారు. నువ్వు చాప గురించి బాధపడకు.

జూలైలోనే నీకొక ఉత్తరం రాశాను. వంటవాడు చూసిన కాగితం అదే. పడవ అంచు దాకా వెళ్ళి ఇవ్వలేకపోయాను. ఇన్నాళ్ళూ పెట్టెలో బట్టల అడుగున ఉంది. నీ ఉత్తరంతో నాకు అర్థమైంది, ఎవరికీ ఏమీ దొరకలేదని, నాకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదని. సేలా చేమదుంపలు ఉడికిస్తోంది. కాగితం తీసుకెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాను. ఒక్క క్షణం పని. ఇంతలో సేలా నీ బట్ట విప్పి గదిలో పరిచింది, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చింది. "వదిన తన కోసం దాచుకున్నది పంపింది, ఎవరికంట?" అని అడిగింది.

ఆ బట్ట ఎవరికో సేలాకు చెప్పేశాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. అప్పటి నుంచి నాకు తిండి పెడుతోంది గానీ మాట్లాడటం లేదు.

ఆ ఉత్తరం దీనితో కలిపి పంపుతున్నాను. ఇది చదివాక అది చదువు. ఆ గుంట పాలాంగి తవ్వుతున్నది కాదు. కట్టెల బాట వదిలి, జంట బండల దగ్గర ఎడమకు తిరిగి, సముద్రపు గాలి మొహానికి తగిలేదాకా నడిస్తే వస్తుంది. నోరు చిన్నది, లోపల వెడల్పు. జాగ్రత్తగా వెళ్ళండి.

కెలెపి


ఎఉవా, అంగహా
1987 నవంబరు 4

కెలెపికి,

నీ ఉత్తరాలు రెండూ చదివాను. మెలెనైటెకు నేనే చదివి వినిపించాను, ఇంకెవరి నోటా వినకూడదని. అది లేచి వెళ్ళి పాలాంగిని అడిగి తాళ్ళ నిచ్చెన తెచ్చింది. మర్నాడు మేమిద్దరం, ఆయన, పాస్టరు గారు వెళ్ళాం. నువ్వు చెప్పిన గుర్తులు సరిగ్గానే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు గడిచినా ఒక్క మలుపు కూడా మరిచిపోలేదు నువ్వు.

మెలెనైటె దిగింది. నేను అంచున కూర్చున్నాను. చాలాసేపటికి కింద నుంచి పిలిచింది.

"అమ్మా, నాన్న బెల్టు ఎలా ఉండేది?"

ఇత్తడి బకిలు, మీద లంగరు బొమ్మ అన్నాను. పెళ్ళికి మన అమ్మ పెట్టింది.

పక్షుల కోసం నేర్చుకున్న పనంతా తండ్రి కోసం చేసింది. కుంచెతో మట్టి తుడిచింది. వేళ్ళ ఎముకల కోసం బుట్టెడు మట్టి జల్లెడ పట్టింది. పాలాంగి సాయం చేయబోతే వద్దంది. నాలుగు రోజులు పట్టింది. తండ్రి మొహం ఎలా ఉంటుందో తెలియని పిల్ల, ఆయన ఎముక ఎముకా చేత్తో పట్టుకుని కడిగింది. ఆయన ఎముకల కింది పొరలో ఆ పాత చిలుకల ఎముకలు కూడా ఉన్నాయట. తవ్వుకోవచ్చా అని పాలాంగి నన్ను అడిగాడు. మా ఆయన పూర్తిగా పైకి వచ్చాక తవ్వుకోమన్నాను. పాలాంగి టోపీ తీసి అలాగే నిలబడ్డాడు.

శనివారం సమాధి చేశాం. ఊరంతా వచ్చింది, రేవు దగ్గర నవ్వినవాళ్ళూ వచ్చారు. మా అత్త మాత్రం లేదు. ఆ ముసలిది ఓడ వచ్చిన ప్రతిసారీ రేవుకు వెళ్ళి, దిగినవాళ్ళందరి మొహాలూ చూసి ఇంటికొచ్చేది. చచ్చిపోయిన ఏడు కూడా వెళ్ళింది. ఇక నేను. ఆయన ఫోటో నా చేత్తో పొయ్యిలో పెట్టాను. అన్నీ తండ్రి బుద్ధులేనని పిల్లను తిట్టాను. నీ బదులు చెట్టెక్కిన మనిషిని, కెలెపీ. నువ్వు ఎవరి చేత ఎవరిని తిట్టించావో తెలుస్తోందా? పదిహేడేళ్ళ కుర్రాడి భయం నాకు అర్థమవుతుంది. నలభై ఏడేళ్ళవాడి భయమే అర్థం కావడం లేదు.

ఒక్కటి అడుగుతాను. పిలిస్తే జవాబు లేదని రాశావు. ఆయన గుంట నోటి కింద లేడు. ఎదుటి గోడ దాకా వెళ్ళి ఉన్నాడు. కుడికాలు ఒక్కటే విరిగిందని పాలాంగి అన్నాడు, పుర్రెకు దెబ్బే లేదట. గోడ పక్కన ఆరు రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. రాళ్ళు వాటంతట అవి అలా పడవు.

ఆయన పలికాడా?

లుసియానె


నియువాఫోవు, ఎసియా
1987 డిసెంబరు 1

అక్కా,

పలికాడు.

కాలు విరిగిందన్నాడు. తాడు తెమ్మన్నాడు. ఇంటికి పరిగెత్తాను. పెరట్లో తాడు తీస్తుంటే నాన్న ప్రార్థన నుంచి వచ్చేశాడు. కడుపునొప్పి తగ్గిందా అని అడిగాడు. తగ్గిందన్నాను. అయితే మధ్యాహ్నం ప్రార్థనకు రమ్మన్నాడు. నోరు తెరిచి చెప్పడానికి నాకు అంతకంటే మంచి క్షణం మళ్ళీ రాలేదు. చెప్పలేదు. నాన్న పక్కన కూర్చుని పాటలు పాడాను. ముందు వరసలో నీ వీపు కనిపిస్తూనే ఉంది. ఆయన కోసం పక్కన చోటు ఉంచి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశావు, రెండుసార్లు. అయిపోగానే వెళ్దామనుకున్నాను. అయ్యాక, ఇంతసేపు ఎందుకు చెప్పలేదంటారని భయమేసింది. గంట గంటకూ ఆ భయం పెద్దదైంది గానీ తగ్గలేదు.

సోమవారం తెల్లవారుతుండగా తాడు తీసుకుని వెళ్ళాను. పిలిచాను. మళ్ళీ మళ్ళీ పిలిచాను. ఆ రోజు జవాబు లేదు. జవాబు లేదని నేను రాసింది సోమవారం సంగతే. అబద్ధాన్ని నిజంలా ఎలా రాయాలో నాకు బాగా అలవాటైపోయింది.

ఆదివారం నేను తాడు కోసం పరిగెత్తకముందు ఆయన చాలా మాటలన్నాడు. అవి కాగితం మీద పెట్టడం నా వల్ల కాదు. జైల్లో పెట్టిస్తానన్నా వస్తాను. రావద్దంటే రాను.

కెలెపి


ఎఉవా, అంగహా
1988 జనవరి 8

కెలెపికి,

నీ ఉత్తరం చదివి పది రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. మెలెనైటెకు ఈసారి చదివి వినిపించలేదు, తనే తీసుకుని చదువుకుంది. చదివి మడిచి నా ఒళ్ళో పెట్టి పనికి వెళ్ళిపోయింది.

క్షమించానని ఒక్క ముక్క రాయమని పాస్టరు గారు రెండుసార్లు వచ్చి చెప్పారు. నా మనసులో లేనిది రాయను. ఈ ఇంట్లో అబద్ధాలు ఇక చాలు. జైలు సంగతి నాకు తెలియదు, అది నువ్వు, పోలీసులు చూసుకోండి.

కానీ ఫిబ్రవరి ఓడకు రా. రేవుకు నేను రాను, మెలెనైటె కూడా రాదు. నేరుగా ఇంటికి రా. పెద్దయ్యాక అక్కా తమ్ముడూ ఒక గదిలో కూర్చోకూడదన్న మర్యాదను ఆ పూటకు పక్కన పెడదాం. నేను గోడ వైపు తిరిగి కూర్చుంటాను. నువ్వు గుమ్మం దగ్గర కూర్చో.

మా ఆయన నాకు ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆయన ఆఖరి మాటలు నీ దగ్గర ఉండిపోయాయి. అవి నావి. మంచివి ఏరి చెప్పకు. నిన్ను తిట్టినవి, నొప్పికి మూలిగినవి, వేళాకోళం ఆడినవి, ఏ వరసలో అన్నాడో ఆ వరసలోనే చెప్పు. నేను మధ్యలో ఏడిస్తే ఆగకు.

లుసియానె